టైటాన్ వాడి పాట

మొన్న సంక్రాంతికి విజయనగరం వెళ్ళాను. మా అప్ప కూతురు ఎనిమిదో తరగతి. ఫోన్లో పాఠాలు చూసుకుంటూ కీబోర్డు నేర్చుకుంటోంది. భోగి నాటి సాయంత్రం నేను వంటింటి గుమ్మంలో కూచుని పండగ పిండివంట పోకుండ కొరకబోతూంటే లోపలి గదిలోంచి నాలుగు స్వరాలు వినపడ్డాయి. పోకుండ చేతిలోనే ఉండిపోయింది.

"ఒసే, టైటాన్ పాట భలే వాయిస్తన్నావే!" అన్నాను.

గుంట తల కూడా తిప్పలేదు. "టైటాన్ ఏటి మావయ్యా? ఇది మొజార్టుది. 25వ సింఫనీ."

నాకు తెలీక కాదు. 1773లో సాల్జ్‌బర్గులో 17 ఏళ్ళ కుర్రాడు కట్టిన సింఫనీ అది. దాని మొదటి భాగంలో బాణీని 1980ల చివర్లో హోసూరులో తయారయ్యే వాచీలకి పెట్టారు. అన్నీ తెలుసు. తెలిసినా నోటికి ముందొచ్చింది వాచీ పేరే. పక్కనే ఉన్న మా బావ నవ్వాడు. ఆ నవ్వు నాకు పాత పరిచయం. విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఒకడుండేవాడు. వాడి బల్ల మీద ఇంగ్లీషు కేసెట్లు వరసగా పేర్చి ఉండేవి. నేను ఇదే బాణీ ఈల వేస్తే, "యాడ్లు చూసి సంగీతం నేర్చుకున్నావా?" అని ఇలాగే నవ్వాడు. ఆ తర్వాత ఓ పదేళ్ళపాటు నాకు ఏ పాటైనా నచ్చిందని చెప్పాలంటే, ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుని గానీ చెప్పేవాణ్ణి కాదు. ఎక్కడో యాడ్‌లోది అయివుంటే పరువు పోతుందని భయం.

ఆ సిగ్గు అక్కర్లేదని రాద్దామని కూచున్నాను. యాడ్‌లో విన్న పాట కూడా సొంతంగా విన్న పాటే, దాని జ్ఞాపకానికి తక్కువ కులం అంటగట్టనక్కర్లేదు అని. వాదన నేను అనుకున్నంత సాఫీగా సాగలేదు. మా బావా, మేనకోడలూ కలిసి పండగ మూడు రోజులూ దాన్ని అటూ ఇటూ లాగేరు.

అంత్యాక్షరిలో తీర్పు

మా ఇంట్లో టీవీ నలుపు తెలుపు సాలిడేర్. దానికి చెక్క తలుపులు, తలుపులకి తాళం, తాళంచెవి నాన్న జేబులో. మేడ మీద యాంటెన్నా తిప్పడానికి ఒకడు, కిటికీ దగ్గర "వచ్చింది, పోయింది" అని అరవడానికి ఒకడు. ఇదంతా మీకూ తెలిసిందే, వదిలేద్దాం.

నేను చెప్పదలచుకున్నది భాష సంగతి. రాత్రి ఎనిమిదిన్నర దాటితే అంతా హిందీయే. మా సందులో హిందీ వచ్చినది ఒక్క రైల్వే గార్డుగారికే, ఆయన ఎప్పుడూ డ్యూటీలో ఉండేవారు. సీరియల్లో ఎవరు ఎందుకేడుస్తున్నారో మాకు మేమే కథలు కట్టుకునేవాళ్ళం. ఆ రెండు గంటల్లో మాకు పూర్తిగా బోధపడేవి మధ్యలో వచ్చే అరనిమిషాలే. ఒక బాణీ, ఒక తమాషా, చివర్లో ఒక డబ్బానో సబ్బో. మాటలు తెలియకపోయినా పాట వచ్చేసేది. 1989లో వచ్చిన బజాజ్ పాటలో "బులంద్ భారత్" అన్నది మాకు "బుల్లెట్ భారత్" అని వినపడేది. స్కూటర్లమ్ముకునేవాడు పోయిపోయి బుల్లెట్ పేరెందుకు చెప్తున్నాడా అని నాకు చాలాకాలం అనుమానం.

కరెంటు పోతే అరుగుల మీద అంత్యాక్షరి. ఒకరోజు "హ" వచ్చింది. తెలుగులో "హ"తో పాట దొరకడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకి తెలుసు. పక్కింటి వాడు "హమారా బజాజ్" ఎత్తుకున్నాడు. చెల్లదని మేమంతా గోల. మా అప్ప అప్పటికి ఎనిమిదో తరగతి. ఇప్పుడు దాని కూతురున్న వయసే. ఆటకి పెద్దదిక్కు కాబట్టి తీర్పు దానిదే. "సినిమావోడు టిక్కెట్టుకి పాడితే పాటా, ఈడు స్కూటరుకి పాడితే కాదేటి? చెల్లుద్ది," అంది. ఆ రోజు నుంచి మా సందులో "వ"కి వాషింగ్ పౌడర్ కూడా చెల్లింది.

నలభై దాటాక ఆలోచిస్తే ఆ తీర్పులో తప్పేమీ కనపడటంలేదు. ఆ బజాజ్ బాణీ కట్టిన లూయీ బ్యాంక్స్ జాజ్ పియానోలో పేరుమోసిన మనిషి. జలపాతం కింద లిరిల్ పిల్ల తడుస్తూంటే వచ్చే ఆ "లలలా" కట్టిన వనరాజ్ భాటియా లండన్ రాయల్ అకాడమీలో చదివొచ్చి, మన బెనెగళ్ సినిమాలకి సంగీతం ఇచ్చినవాడు. ఇక రెహమాన్. 1987లో దిలీప్ అన్న పేరుతో ఉన్నప్పుడు ఆయన మొదట జింగిల్, అంటే యాడ్ పాట, కట్టింది మన హైదరాబాదు ఆల్విన్ వాళ్ళ వాచీలకి. ఆ రోజుల్లోనే రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించేవాడు. అంటే 1992లో 'రోజా'తో దేశమంతా ఆయన పేరు తెలుసుకునేసరికే, ఆయన పేరు చెప్పకుండా మన ఇళ్ళలోకి వచ్చి వెళ్తూనే ఉన్నాడు. గొప్ప సంగీతం ఎక్కడో గుడిలో ఉంటుందీ, యాడ్ అనేది గుడి బయట చెప్పుల స్టాండూ అని అనుకోడానికి వీల్లేదు. రెండు చోట్లా పనిచేసింది ఒకే చేతులు.

మా బావ కేసు

ఇక్కడే బావ అడ్డం పడ్డాడు. ఆయన పాత కేసెట్లకి ఫంగస్ పట్టకుండా ఎండబెట్టుకునే రకం.

"జింగిల్ మాట ఎందుకు? అది సరుకు కోసమే కుట్టిన చొక్కా, సరుకుకే తొడుగుతారు, దానికెవరూ కాదన్లేదు. ఎవడో తన గుండె పిండుకుని రాసుకున్న పాటని తీసుకెళ్ళి బూట్లకి తొడిగితేనో?" అన్నాడు. ఆయన చెప్పింది బీటిల్స్ అనే ఇంగ్లండు బ్యాండు సంగతి. 1968లో వాళ్ళు విప్లవం గురించి పాడిన పాటని 1987లో నైకీ తన బూట్ల ప్రకటనకి వాడుకుంది. బీటిల్స్ కంపెనీ కోర్టుకెక్కింది. ప్రచురణ హక్కులు అప్పటికి మైకేల్ జాక్సన్ చేతిలో ఉన్నాయి. కట్టినవాళ్ళు వద్దంటున్నా పాట అమ్ముడుపోవచ్చని అప్పుడే లోకానికి తెలిసింది అన్నాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. టామ్ వెయిట్స్ అనే గాయకుడు తన పాటల్ని ప్రకటనలకి ఇవ్వనని భీష్మించుకు కూచుంటే, ఒక చిప్స్ కంపెనీ అచ్చు ఆయన గొంతులాగే పాడేవాణ్ణి తెచ్చి యాడ్ చేయించింది. ఆయన దావా వేసి గెలిచాడు. 1992లో పై కోర్టు కూడా ఆయనకే ఓటేసింది. పరిహారం 20 లక్షల డాలర్లకి పైనే.

"చూశావా, గొంతు కూడా ఆస్తే. యాడ్‌లో పడ్డాక పాటలో ప్రాణం ఉండదు," అన్నాడు.

"మరి మొజార్టుకి ప్రాణం పోలేదే?" అన్నాను.

"సచ్చినోణ్ణి మళ్ళీ ఎవడు సంపుతాడు!"

నవ్వేశాను గానీ, ఆ మాట తర్వాత నాకు పనికొచ్చింది. అప్పటికి మాత్రం నా దగ్గరున్న సాక్ష్యం బొబ్బిలిలో ఒక పెళ్ళి. పెప్సీ కొత్తగా వచ్చిన రోజులు. గోవా పాప్ గాయకుడు రెమో ఫెర్నాండెజ్, జూహీ చావ్లా కలిసి టీవీలో ఊపేస్తున్నారు. చివర్లో ఆ "ఆహా" ఒక్కటీ పిల్లాజెల్లా అందరి నోళ్ళలోనూ ఉండేది. పెళ్ళికొడుకుని ఊరేగిస్తుంటే బ్యాండు వాళ్ళు సినిమా పాట మధ్యలో దాన్ని ఎత్తుకున్నారు. క్లారినెట్టు బాణీ పలకడం, ట్రంపెట్లు ఆగడం, "ఆహా" మాత్రం ఊరేగింపు మొత్తం అరవడం. మా తాత కూడా అరిచాడు. ఆయన జన్మలో పెప్సీ తాగలేదు, జీలకర్ర సోడా మనిషి. ఆ సందులో ఆ రాత్రి ఏ కంపెనీ సరుకూ అమ్ముడవలేదు. పాట మాత్రం యాడ్‌లోంచి తాడు తెంపుకున్న దూడలా బయటికి వచ్చేసింది. ప్రాణం పోయిన పాటకి అంత ఊపు ఎక్కడిది?

బావ ఒప్పుకోలేదు. మా తాత వెర్రివాడని మాత్రం అన్నాడు.

మాస్టారి ప్రశ్న

సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో పెరిగితే ఒక చిక్కుంది. నారాయణదాసుగారు, ద్వారంవారు తిరిగిన వీధులు, ఘంటసాల చదివిన చోటు, సుశీల పుట్టిన ఊరు అని చిన్నప్పట్నుంచీ వింటూ ఉంటాం. దాంతో వయొలిన్ అంటే ఎలా ఉండాలో, ఎవరు పట్టుకోవాలో ఒక లెక్క బుర్రలో పడిపోతుంది. మా సందులో ఒక వయొలిన్ మాస్టారుండేవారు. ఆయనింట్లో టీవీ లేదు. ఆదివారం పొద్దున్న మా ఇంటికి వచ్చి వెనక కుర్చీలో కూచునేవారు. టైటాన్ యాడ్ వచ్చినప్పుడల్లా ఆయన పక్కవాళ్ళతో మాట్లాడటం ఆపేసేవారు. ఓ సాయంత్రం వాళ్ళింటి మీదుగా వస్తూంటే అదే బాణీ ఆయన వయొలిన్ మీద వినపడింది, కాస్త మన గమకం తగిలించుకుని.

కిటికీ దగ్గర ఆగాను. ఆయన చూసి, "ఒరే, ఇది ఎవరు కట్టారో తెలుసా?" అన్నారు.

"టైటాన్ వాడు కట్టాడు మాస్టారూ," అన్నాను, ధైర్యంగా.

"వాచీలవాడికి ఫిడేలు ఎవడు నేర్పాడ్రా!" అని చాలాసేపు నవ్వారు. నవ్వి, "కనుక్కో, ఎవరో ఒకరు ఉంటారు," అన్నారు.

నేను కనుక్కోలేదు. కనుక్కోడానికి ఎవరినడగాలో కూడా తెలీదు. ఇంటర్నెట్టు వచ్చి నాకు జవాబు దొరికేసరికి మాస్టారు లేరు. హాస్టల్లో స్నేహితుడి నవ్వుకి సిగ్గుపడ్డ నేను మాస్టారి నవ్వుకి మాత్రం సిగ్గుపడలేదు, ఎందుకో. ఆయన నవ్వులో "నీకు తెలీదు" అన్నది లేదు. "ఎవరో ఒకరు ఉంటారు" అన్నది ఉంది. నేను సిగ్గుపడాల్సింది అసలు అడక్కపోయినందుకేమో.

పెట్టెలోంచి రాని పాట

యాడ్లని వెనకేసుకొస్తున్నాను కాబట్టి వాటి వల్ల జరిగిందీ చెప్పాలి. మా ఇంట్లో పొద్దున్న చోడంబలి, అంటే రాగి అంబలి. గ్లాసులో ఉల్లిపాయ నంజుకుని తాగేవాళ్ళం, ఆకలి తీరేది, ఎవరికీ లోటనిపించలేదు. కాంప్లాన్ పిల్లలు గ్లాసెత్తి గంతులేస్తూ వచ్చాక మా తమ్ముడు చోడంబలి గ్లాసు ముందు ముఖం తిప్పుకునేవాడు. పాట పాడుతూనే తిప్పుకునేవాడు. అమ్మ బట్టలకి 501 బారు సబ్బు వాడేది. మేం గట్టు మీద నిర్మా పాట ఎత్తుకుంటే, "పాట పాడితే మురికి పోద్దేటి? రండి, ఒక చివర పట్టుకుని పిండండి," అనేది. ఆ పాటలు మాకు ఉల్లాసంతో పాటు, మన ఇంట్లో ఏదో తక్కువైంది అన్న సన్నటి దిగులు కూడా పోశాయి. రెండూ ఒకే గ్లాసులో. ఇప్పుడు వేరు చేద్దామన్నా నావల్ల కాదు.

ఆ దిగులు ఎంత లోపలికి పోయిందో నాకు 2003లో తెలిసింది. మొదటి జీతంతో నాన్నకి టైటాన్ వాచీ కొన్నాను. ఆ యాడ్లు గుర్తున్నాయిగా: ఎవరో ఎవరికో పెట్టె ఇస్తారు, మూత తెరుస్తారు, కళ్ళు చెమరుస్తాయి, ఆ బాణీ లేస్తుంది. రైల్లో వస్తున్నంతసేపూ ఆ దృశ్యం నాలుగైదుసార్లు తీసి చూసుకున్నాను. ఇంటికెళ్ళి పెట్టె చేతిలో పెట్టాను. నాన్న మూత తెరిచారు. ఫ్యాను చప్పుడు. వాచీ తిప్పి వెనక చూశారు.

"బిల్లుందా?" అన్నారు.

ఉందన్నాను. బీరువాలో పాత హెచ్‌ఎంటీ పక్కన పెట్టి తాళం వేశారు. పెళ్ళిళ్ళకి మాత్రం పెట్టుకునేవారు. నేను వాచీతో పాటు ఆ పాటని కూడా డబ్బిచ్చి కొన్నానని అనుకున్నాను, పెట్టెలో పాట లేదు. కొన్నాళ్ళు చిన్నబుచ్చుకున్నాను. మా నాన్న ప్రేమ బిల్లు అడిగే రకం ప్రేమ అన్నది నాకు అర్థం కావడానికి ఆ అరనిమిషం యాడ్ ఎంత అడ్డం పడిందో! యాడ్‌లో నాన్నలు బిల్లు అడగరు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ ఒక్కచోట బావ మాటే నెగ్గిందని ఒప్పుకుంటాను. కాకపోతే ఆయన పాట పాడైపోతుందన్నాడు, పాడైంది నా చూపు. పాట బాగానే ఉంది.

గుంట అడిగిన ప్రశ్న

కనుమ నాడు మేనకోడలు ఫోన్లో ఏదో రీలు చూస్తూ స్టెప్పులేస్తోంది. పాటలో "ఏం పిల్లడో ఎల్దమొస్తవా" అని వినపడింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అది స్టెప్పుల పాట కాదే. వంగపండుది. మన పార్వతీపురం దగ్గరాయన. శ్రీకాకుళం కొండల్లో పోరాటం గురించి కట్టాడు. 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాలో వచ్చింది. ఆ తర్వాతెప్పుడో ఎవరో దాన్ని డాన్సు పాటలో..." అని ఎత్తుకున్నాను.

గుంట ఆగి, "మరి నువ్వు మొజార్టుని టైటాన్ అనలేదేటి?" అంది.

బావ కాఫీ గ్లాసు కింద పెట్టి నా వైపే చూస్తున్నాడు. నాకు నోట మాట రాలేదు. నా గొంతు హాస్టల్లో ఆ కుర్రాడి గొంతే. నేను నవ్వలేదు గానీ అదే పని చేశాను. తను ఆ పల్లవిని ముందు ఎక్కడ వింటే అక్కడిదే అవుతుంది. 1994 నాటి క్యాడ్‌బరీ యాడ్ చూడండి. క్రికెట్ మైదానంలోకి చిందులేసుకుంటూ వచ్చిన అమ్మాయి, శంకర్ మహదేవన్ గొంతు, మా తరానికి అది కదిలించరాని విగ్రహం. 2021లో దాన్నే తిరగేసి, అమ్మాయి బ్యాటు పట్టుకున్నట్టూ, అబ్బాయి చిందులేసినట్టూ తీశారు. మా గుంట చూసింది అదే. తన లెక్కలో అదే అసలు, మాది పాత కాపీ.

మరి వంగపండు విషయంలో నాకెందుకు మండింది? ఊరి అభిమానమా? కొంత ఉంది, దాచను. రాత్రంతా ఆలోచిస్తే బావ అన్న "సచ్చినోణ్ణి ఎవడు సంపుతాడు" దగ్గర తేలింది. మొజార్టు పోయి రెండువందల ఏళ్ళు దాటింది. మన దేశంలో కర్త పోయాక 60 ఏళ్ళకి హక్కులు తీరిపోతాయి, ఆయన దేశపు లెక్కలో అయినా ఎప్పుడో తీరిపోయాయి. నేను టైటాన్ అన్నా, మాస్టారు తన గమకం తగిలించినా ఆయన పళ్ళెంలో మెతుకు తగ్గదు. వంగపండు 2020 దాకా మన మధ్యే గజ్జె కట్టుకుని తిరిగాడు. సినిమా పాటలు రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీలో వాటా పోకుండా 2012లో చట్టం దిద్దారు. అది పేరున్నవాళ్ళకి. జముకులకథ పాడేవాడికీ, తప్పెటగుళ్ళ వాడికీ కాగితం మీద పేరే ఉండదు. "జానపదం" అని రాసేస్తే చాలు, ఎవరిదీ కాకుండా పోతుంది. వినేవాడికి పేరు తెలియకపోతే నష్టం లేదు, పాట చాలు. వాడుకునేవాడికి తెలియకపోతేనే ఎవరికో ఒక పూట గడవదు. పసివాళ్ళ మరుపునీ వ్యాపారి మరుపునీ నేను ఇన్నాళ్ళూ ఒకే గాటన కట్టాను. సిగ్గు ఒకరిది, బాకీ ఇంకొకరిది.

ఇది పొద్దున్న టిఫిను దగ్గర చెప్తే మేనకోడలు శ్రద్ధగానే విన్నది. సరిగ్గా అప్పుడే వీధిలో మైకు ఆటో వచ్చింది, ఏదో బట్టల కొట్టు వాళ్ళ పండగ తగ్గింపులు చెప్పుకుంటూ. పాట జముకులకథ వరస. జముకు గుంయిగుంయిమంటోంది, మాటలు మాత్రం చీరలూ, ప్యాంటు పీసులూ. పాడినవాడి గొంతు నిజంగా బావుంది.

"ఇది ఎవరిది మావయ్యా?" అంది గుంట.

తెలీదన్నాను. అదీ చెప్పుకోవాలి. మూడు రోజులుగా ఊదరగొట్టిన నాకు మా గుమ్మంలో పాడుతున్నవాడి పేరు తెలీదు. గుంట చెప్పుల్లేకుండానే గేటు దాటి ఆటో ఆపించింది. నేను వెనకే వెళ్ళాను.

ఆటో అతను మైకు సౌండు తగ్గించాడు. "పాడినోడా? మా ఊరోడే బాబూ, గజపతినగరం అవతల." పేరు చెప్పాడు. గుంట ఫోన్లో టైపు చేసుకుంటోంది.

అతను అటు చూసి, "రాసుకుంతన్నావా అమ్మా? అలాగే ఇదీ రాయి," అన్నాడు. "ఎయ్యి ఇస్తామన్నారు, ఐదొందలే సేతిలో ఎట్టారు. మిగతాది పండగెల్లేక ఇస్తారంట."